పూలు కోసిన చేయి

భీమశంకరంగారు ఎవరి పువ్వూ ముట్టుకోరు. ఆ సంగతి రోజూ నడక మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ముగించేటప్పుడు ఒకసారి అందరికీ గుర్తు చేస్తారు. నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి, పరాయి సొత్తు మీద చేయి వేసే రకం కాదట. నిజమే, చేయి వేయరు. చేతికర్ర మాత్రం చాపుతారు. "అదిగో, ఆ కొమ్మ చివర. బాగా విచ్చినవి వద్దు, మొగ్గలు చూడు," అంటారు. వెనకాల వస్తున్న బాలమణి వంగి కోస్తుంది.

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ళ పిల్లల ఇళ్ళ వెనక పెద్ద రోడ్డు దాటితే వెదర్‌బీ అనే చిన్న పల్లె ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన మిల్లు యజమాని ఎవరో, పుట్టిన ఊరి మీద బెంగతో, అచ్చం అలాంటి ఊరినే ఇక్కడ కట్టించుకున్నాడట. రాతి ఇళ్ళు, ఏటవాలు కప్పులు, చెక్క గంటస్తంభమున్న బుల్లి చర్చి, దాని పక్కన గులాబీ తోట. తోట వెనక నుంచి పచ్చిక మైదానం మొదలై చెరువు దాకా పోతుంది. మోకాలెత్తు గడ్డి మధ్యలో కాలిబాట వెడల్పున మిషనుతో కత్తిరించి ఉంచుతారు. బాట చివర వాగు, వాగు మీద చెక్క వంతెన, అవతల ఓక్ చెట్లు. అప్పుడప్పుడూ జింకలు తలెత్తి చూస్తాయి. ఎవరైనా వచ్చి నడవచ్చు, టిక్కెట్టు లేదు, కాపలా లేదు. మనవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు పొద్దున్నే అక్కడ చేరతారు. ముందు భీమశంకరంగారు, కొడుకు పనిచేసే కార్ల కంపెనీ టోపీతో. ఆయన పక్కన బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన శేషగిరిగారు. ఆయన ఎవరు ఏమన్నా "అంతే అంతే" అంటారు. రెండడుగులు వెనగ్గా భీమశంకరంగారి భార్య పద్మ, ఆమె పక్కన వసంతలక్ష్మి. వసంతలక్ష్మి ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి సూపర్‌వైజరై రిటైరైంది. కూతురు నీహారిక ఇంట్లో ఉంటోంది. వసంతలక్ష్మి భర్త ఉమాకాంత్ నడకకి రాడు. ఇంటర్నెట్‌లో తెలుగు వార్తలు పెట్టుకుని ఇక్కడి సోఫాలో కూర్చుని అక్కడి మంత్రుల్ని తిడుతూ ఉంటాడు.

అందరికంటే వెనక బాలమణి, ఇండియన్ స్టోర్ ప్లాస్టిక్ కవరు పట్టుకుని. నరసరావుపేట దగ్గర్నుంచి వచ్చింది. ఆ వీధిలోనే ఉండే తేజేశ్వర్‌కి వరసకి పిన్ని. తేజేశ్వర్, చంద్రిక ఇద్దరూ ఉద్యోగస్తులు, పసివాణ్ణి చూసుకోవడానికి ఆమెను తెచ్చుకున్నారు. పద్మ కంటే పెద్దది. అయినా అందరూ ఆమెను నువ్వనే అంటారు, వసంతలక్ష్మితో సహా. చంద్రిక ఆఫీసుకి బయల్దేరేలోగా ఇల్లు చేరాలి కాబట్టి, అందరికంటే ముందు తిరుగుముఖం పట్టేదీ ఆమే. "పొద్దున ఈ గంటొక్కటే నాది వసంతమ్మగారూ. తర్వాత పిల్లాడు, వంటిల్లు. ఆకాశం చూడాలంటే కిటికీయే గతి," అంది ఒకరోజు చెరువు దగ్గర, చెప్పుల్లో చేరిన గడ్డి దులుపుకుంటూ.

ఆ గురువారం గులాబీ తోటలో ఇంకా మంచు ఆరలేదు. మర్నాడు పద్మ వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతం. కలశానికి తెల్ల గులాబీలైతే నిండుగా ఉంటాయని పద్మకి ఆశ. తోటలో ఓ వారగా తెల్ల గులాబీల మడి ఒకటుంది. దానికి చుట్టూ చిన్న ఇటుకల వరస, పక్కన ఇత్తడి పలక. పలక మీద ఏం రాసి ఉందో ఎవరూ చదివిన పాపాన పోలేదు.

భీమశంకరంగారి కర్ర లేచింది. బాలమణి చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని మడిలోకి దిగింది. ముళ్ళకి తగలకుండా కాడని రెండు వేళ్ళ మధ్య పట్టి, గోటితో నొక్కి తుంచడం ఆమెకి అలవాటు. తుంచిన ప్రతిదాన్నీ ఒక్క క్షణం కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, పురుగు లేదనుకుంటే కవర్లో వేస్తుంది. పద్మ గట్టు మీదే నిలబడి, అటు, ఇటు, ఆ గుత్తి వదిలేశావేం, అంటూ పురమాయించింది. మడి బోడిగా అయ్యేదాకా ఆ అమ్మ తృప్తి పడలేదు. ముంజేతి మీద గీరుకున్న చోట బాలమణి ఉమ్మి రాసుకుంది.

తర్వాత పార్కింగ్ దగ్గర బెంచీ మీద పంపకం. రోజూ ఉండేదే. బాలమణి కవరు విప్పుతుంది, అందరూ తమ తమ వాటా తీసుకుంటారు. వసంతలక్ష్మి కూడా చేతిరుమాలు పరిచింది. ఎందుకు అబద్ధం, రోజూ పరుస్తుంది. తెల్లవి వ్రతానికి తీసిపెట్టి, మిగిలిన ఎర్రవీ గులాబి రంగువీ ఇటు తోశారు. బాలమణి తనకంటూ ఒక్కటీ ఉంచుకోలేదు. చంద్రిక ఇంట్లో దేవుడి మందిరం పైగదిలో ఉంది, అక్కడికి ఈమె వెళ్ళనక్కర్లేదట.

శుక్రవారం సాయంత్రం వ్రతం. తెల్ల గులాబీల మధ్య అమ్మవారి ముఖం వెలిగిపోతోంది. వచ్చిన ముత్తైదువులందరూ ఫోన్లు తీసి ఫొటోలు పట్టారు. ఇంత తెల్లటి గులాబీలు ఏ షాపులో దొరికాయని ఒకావిడ అడిగింది. పద్మ నవ్వి, అమ్మవారే తెప్పించుకుంది, అంది. వసంతలక్ష్మి పక్కకి చూసింది.

వంటింట్లో బాలమణి పొద్దుణ్ణించీ పూర్ణాలు వేయిస్తోంది. చంద్రిక ఆఫీసు నుంచి రాలేదు, పసివాడు చంకలోనే ఉన్నాడు. వసంతలక్ష్మి మంచినీళ్ళకని వెళితే, గరాజ్ తలుపు వారగా నిలబడి, ఒక చేత్తో పిల్లాణ్ణి నూనెకి దూరంగా పట్టుకుని, రెండో చేత్తో చిల్లుల గరిటె తిప్పుతోంది. హాల్లోకి రాకపోయావా, అంది వసంతలక్ష్మి. బాలమణి తల అడ్డంగా ఊపింది. భర్త పోయిన మనిషి పేరంటం టైములో హాల్లోకి రాకూడదని పద్మ పొద్దున్నే మెత్తగా చెప్పిందట. చెప్పడం మెత్తగానే చెప్పిందని బాలమణే రెండుసార్లు అంది.

వసంతలక్ష్మి మంచినీళ్ళ గ్లాసు సింకు పక్కన పెట్టేసింది. ఆ చేయి కోసిన పూలు అమ్మవారికి పనికొచ్చాయి. ఆ చేయి వేయించిన పూర్ణాలు నైవేద్యానికి పనికొచ్చాయి. మనిషి మాత్రం గరాజ్ తలుపు దగ్గర. ఛీ, ఏం బతుకులు ఇవి, అనుకుంది. అనుకుని హాల్లోకొచ్చి, తాంబూలం తీసుకుని, బొట్టు పెట్టించుకుంది. రెండు పూర్ణాలు తింది కూడా. రుచిగానే ఉన్నాయి.

శనివారం నడకకి వెళ్ళేసరికి తోట గుమ్మానికి పసుపు రిబ్బను కట్టి ఉంది. గడ్డి టోపీ, తోటపని గ్లవ్స్ వేసుకున్న ఒక ముసలావిడ అడ్డంగా నిలబడింది. వెదర్‌బీ తోట కమిటీ తరఫున వచ్చానని, పేరు మిసెస్ హార్‌గ్రోవ్ అని చెప్పింది. గొంతు పెంచలేదు. తెల్ల గులాబీలు ఈ నెలాఖరున ఊరి పండగ కోసం పెంచుకున్నవట, ఎవరో మొత్తం కోసేశారట, మీరు రోజూ ఇటే నడుస్తారు కదా, ఏమైనా చూశారా అని అడిగింది.

శేషగిరిగారు ఓక్ చెట్ల వైపు ఏదో పిట్టను చూస్తున్నట్లు చూశారు.

మిసెస్ హార్‌గ్రోవ్ అప్పుడు కాళ్ళ దగ్గరున్న పెద్ద చెత్త సంచీ మూతి తెరిచింది. లోపల ప్లాస్టిక్ కవర్లు, ఇండియన్ స్టోర్ పేరుతో సహా. వాటిలో కుళ్ళిన గులాబీలు, మాడిన వత్తులు, పసుపు ముద్దలు. వంతెన కింద వాగులో దొరికాయట. మరి మనవాళ్ళు చేసే పనే అది. దేవుడికి పెట్టి తీసిన పూలు చెత్తలో వేయకూడదు, తొక్కకూడదు, పారే నీళ్ళలో కలపాలి. ఆ చుట్టుపక్కల పారే నీళ్ళంటే ఈ వాగే. ఊళ్ళో పూలు కోసుకుని, పూజ చేసుకుని, ఆ నిర్మాల్యాన్ని కవరుతో సహా మళ్ళీ ఆ ఊరి వాగులోనే పడేసి, దండం పెట్టుకుని రావడం. ఇంత పవిత్రమైన దొంగతనం ఇంకెవరికి చేతనవుతుంది? వసంతలక్ష్మికి మోకాళ్ళ నొప్పుల వల్ల గట్టు దిగలేక ఆ ఒక్క పుణ్యం దక్కలేదు. ఆమె నిర్మాల్యం కూతురి గరాజ్‌లో పాత పెయింటు బకెట్లో పోగవుతోంది.

భీమశంకరంగారు గొంతు సవరించుకున్నారు. చేతికర్ర లేచింది. ఈసారి పువ్వుల వైపు కాదు, బాలమణి వైపు.

"నో నో మేడమ్. వీ ఆర్ ఆల్ రిటైర్డ్ ఆఫీసర్స్. దిస్ లేడీ ఈజ్ సర్వెంట్. అన్ఎడ్యుకేటెడ్. షి డజ్ నాట్ నో రూల్స్. వీ విల్ స్టాప్ హర్."

"అంతే అంతే," అన్నారు శేషగిరిగారు తెలుగులో.

అందరూ తన వైపు తిరగడం చూసి బాలమణి కంగారుగా కొంగు సర్దుకుంది. చేతిలో ఖాళీ కవరు ఉంది. పద్మ ఆమె మోచేతిని పొడిచి, "నీ గురించే చెప్తున్నారు, దణ్ణం పెట్టు," అంది.

బాలమణి కవరు చంకలో పెట్టుకుని, చిన్నగా నవ్వి, రెండు చేతులూ జోడించింది. ముంజేతి మీద ముళ్ళు గీరిన గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. మిసెస్ హార్‌గ్రోవ్ ఆ గీతల వంక చూసింది. ఆవిడ పక్కనే నిలబడిన వసంతలక్ష్మి కూడా చూసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగమంతా ఇంగ్లీషులో మాట్లాడిన నోరు అది. ఆ రోజు పెగల్లేదు.

తిరిగొస్తుంటే పద్మ, పోన్లే గొడవ తేలిగ్గా పోయింది, అంది. వసంతలక్ష్మి ఆమె పక్కనుంచి తప్పుకుని బాట అంచున గడ్డిలోంచి నడిచింది. చీర అంచు తడిసి కాళ్ళకి చుట్టుకుంది. ఆ తడి కంటే ఆ మనుషుల పక్కన నడవడమే ఎక్కువ రోతగా ఉంది.

మధ్యాహ్నానికల్లా భీమశంకరంగారు చంద్రికకి ఫోన్ చేసేశారు. మంచిమాటగానే చెప్పారట. మీ పిన్నిగారికి ఇక్కడి పద్ధతులు తెలియవమ్మా, పోలీసుల దాకా వెళ్ళకుండా నేను సర్దాను, కొన్నాళ్ళు బయటికి పంపకండి, అని. ఈ కబురు వసంతలక్ష్మికి నీహారిక మోసుకొచ్చింది. చంద్రిక భయపడిపోయిందట, తేజేశ్వర్ పిన్నిని కేకలేశాడట. నడక బంద్.

అన్నం ముందు కూర్చుని వసంతలక్ష్మి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ పూలు అందరూ కోయించారని, తనూ తీసుకుందని. నీహారిక పెరుగు గిన్నె మూత పెట్టి, "అమ్మా, నువ్వు ఇన్వాల్వ్ అవకు ప్లీజ్. వీకెండ్ వస్తే వాళ్ళ ముఖాలే చూడాలి మేం. ఎవరో ఒకరు సారీ చెప్పేస్తే అయిపోయే మ్యాటర్," అంది.

"ఆ ఎవరో ఒకరు బాలమణే ఎందుకైంది?"

నీహారిక గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. సోఫాలోంచి ఉమాకాంత్ వార్తల గొంతు కాస్త తగ్గించాడు, అంతకంటే ఏం చేయలేదు.

అన్నం సహించలేదు. కంచం సింకులో పెట్టి గరాజ్‌లోకి వెళ్ళింది. బకెట్ మూత ఎత్తేసరికి గుప్పున వాసన కొట్టింది. పైన మొన్నటి ఎర్ర గులాబీలు, కింద బూజు పట్టి బూడిదరంగు ముద్దలైన పాతవి. మధ్యలో ఏవో పురుగులు మెదులుతున్నాయి. ఇవన్నీ రోజూ కళ్ళకద్దుకుని తీసుకున్నవే. కోసిన చేతికి ఒక్కరోజు థాంక్స్ చెప్పలేదు. భీమశంకరం వెధవ, అనుకుంది. తర్వాత, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను, అనుకుంది. ముక్కు మూసుకుని మూత బిగించింది.

ఆదివారం సాయంత్రం తోట కమిటీ వాళ్ళు చర్చి పక్క గదిలో కూర్చుంటారని రిబ్బను దగ్గర కాగితం మీద చదివింది శనివారమే. ఎవరికీ చెప్పలేదు. మంచి చీర కట్టుకుని, కాళ్ళకి బూట్లేసుకుని, బకెట్ పట్టుకుని బయల్దేరింది. పెద్ద రోడ్డు దగ్గర కార్లు ఆగి దారిచ్చాయి. మైదానం మీదుగా వెళితే దూరమే అయినా అటే వెళ్ళింది. రోజూ మాటల రొదలో కనపడనివి ఆ వేళ కనపడ్డాయి. కంచె పక్కన నల్లగా మాగిన అడవి పళ్ళు, చెరువు మీద తేలే బాతు ఈకలు, కూర్చునేందుకు అడ్డంగా పడేసిన దుంగ. పాడు బకెట్ బరువుకి చేయి మార్చుకున్నప్పుడల్లా ఆగుతూ నడిచింది. బాలమణి ఈ దారిని ఎలా చూసేదో అని మొదటిసారి అనిపించింది.

గదిలో నలుగురైదుగురు ముసలివాళ్ళు టీ తాగుతున్నారు. మిసెస్ హార్‌గ్రోవ్ గుర్తుపట్టి లేచింది. వసంతలక్ష్మి బకెట్‌ని బల్ల మీద పెట్టబోయి, బావుండదని నేల మీద పెట్టి మూత తీసింది. దగ్గరున్నాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మిసెస్ హార్‌గ్రోవ్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ట్రంకు కాల్ కలిపేటప్పుడు మాట్లాడినట్లే, ఒక్కొక్క మాటా విడివిడిగా, అవతలివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పింది వసంతలక్ష్మి.

"దిస్ ఈజ్ మైన్. యువర్ రోజెస్. షి ఓన్లీ కట్. వీ టోల్డ్ హర్ టు కట్. వీ ఆల్ టుక్ హోమ్. మీ ఆల్సో."

మిసెస్ హార్‌గ్రోవ్ మరోసారి అడిగింది, మీరందరూనా, అని. అందరం, అంది వసంతలక్ష్మి. ఆవిడ ముఖంలో జాలి లేదు, మెచ్చుకోలు లేదు. బురద బూట్లతో ఇంట్లోకి వచ్చినవాళ్ళని చూసినట్లు చూసింది. ఆ చూపు న్యాయమైనదే అనిపించింది వసంతలక్ష్మికి, కానీ తలదించుకోవడం కష్టమైంది. ఇకనుంచి తోట గుమ్మానికి పొద్దున పూట తాళం ఉంటుందని, వాగులో ఏదీ పడేయకూడదని ఆవిడ చెప్పింది. మరి ఆ బాలమణి మైదానంలో నడవచ్చా అని అడిగింది వసంతలక్ష్మి. బాట ఎప్పుడూ అందరిదీ, అంది ఆవిడ. బకెట్ అక్కడ వదలొద్దని, తీసుకుపొమ్మని కూడా అంది. వసంతలక్ష్మి మూత బిగించి తీసుకుపోయింది.

కబురు రాత్రి వంటల వేళకే అందరి ఇళ్ళకీ పాకింది. సోమవారం పొద్దున్న పార్కింగ్ దగ్గర భీమశంకరంగారి గుంపు ఆమెను చూసి, చూడనట్లు చెరువు వైపు తిరిగింది. పద్మ మాత్రం వినపడేలా, మనవాళ్ళ పరువు మనవాళ్ళే తీస్తే ఇంకేం చెప్తాం, అంది. నీహారిక ముందు రాత్రి నుంచీ మాట్లాడటం లేదు. వసంతలక్ష్మి గుంపు వైపు వెళ్ళలేదు. తిరిగి రోడ్డు దాటి తేజేశ్వర్ వాళ్ళింటి బెల్లు కొట్టింది.

చంద్రిక ఒక చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో కాఫీ కప్పుతో తలుపు తీసింది.

"బాలమణిగారిని పిలువమ్మా. నడకకి వెళ్ళాలి," అంది వసంతలక్ష్మి.

చంద్రిక ఇయర్‌ఫోను చెవిలోంచి తీసింది. "ఆంటీ, ప్లీజ్. అంకుల్‌గారు కాల్ చేసి చెప్పారు. మా గ్రీన్‌కార్డు ప్రాసెసింగ్‌లో ఉంది. ఇప్పుడు ఎలాంటి కంప్లైంట్ వచ్చినా..."

"ఆ పూలు నేనూ తీసుకున్నాను. నిన్న వెళ్ళి ఆ మాటే చెప్పి వచ్చాను. కంప్లైంటంటూ వస్తే ముందు నా పేరు మీదే వస్తుంది. మా నీహారిక నన్నింకా ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు కదా?"

లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు. ఇంకో మీటింగుందనో ఏమో చంద్రిక గడియారం చూసుకుంది. పిల్లాడికీ గాలి కావాలి కదా, స్ట్రోలర్ బండిలో వేసుకుపోతాం, నువ్వు నిశ్చింతగా మాట్లాడుకో, అంది వసంతలక్ష్మి. అది పనిచేసింది.

బాలమణి తయారవడానికి ఏమీ పట్టలేదు. పిల్లాణ్ణి స్ట్రోలర్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టడం తెలియక రెండుసార్లు తంటాలు పడి, చివరికి కొంగుతో కట్టబోతే వసంతలక్ష్మి నొక్కి చూపించింది. ఇద్దరూ రోడ్డు దాటి మైదానం చేరారు. తోట గుమ్మానికి తాళం కొత్తగా మెరుస్తోంది. బాలమణి దాన్ని చూసి, అలవాటుగా కవరు పట్టుకునే చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక స్ట్రోలర్ మీద వేసింది.

గడ్డి బాట మీద స్ట్రోలర్ గతుకుల్లో పడి లేస్తుంటే పిల్లాడు నవ్వుతున్నాడు. వంతెన దగ్గర వసంతలక్ష్మి ఆగింది. శనివారం భీమశంకరంగారు ఇంగ్లీషులో ఏమన్నారో చెప్పాలి. చెప్పకుండా ఆమె పక్కన నడవడం మళ్ళీ దొంగతనమే అనిపించింది. చెప్పింది, సర్వెంట్ అన్న మాటతో సహా.

బాలమణి వాగులోకి చూస్తూ వింది. నీళ్ళు ఇప్పుడు తేటగా ఉన్నాయి, అడుగున రాళ్ళు కనపడుతున్నాయి.

"తెలుసండీ. భాష రాకపోయినా, కర్ర నా వైపు చూపించి మాట్లాడితే మంచి మాట అనుకుంటానా?"

"తెలిసి మరి ఎందుకు దండం పెట్టారు?"

మీరు అనడం బాలమణి గమనించిందో లేదో. పిల్లాడి కాలి మేజోడు జారితే వంగి లాగి సరిచేసింది. లేచి, స్ట్రోలర్ పిడి పట్టుకుని, అతి మామూలుగా అంది.

"ఆ తెల్లావిడకి కాదండీ. పక్కన మీరున్నారు. మీకు ఇంగ్లీషొచ్చు కదా, ఒక్క మాట చెప్పకపోతారా అని మీకు పెట్టాను."

బాలమణి స్ట్రోలర్ తోసుకుంటూ వంతెన దాటి, ఓక్ చెట్ల వైపు బాట పట్టింది. కాసేపటికి వసంతలక్ష్మి వెనకాల నడిచింది.